అడుగు లేని చేను

జర్మనీలో మీవాడు ఏం చేస్తాడని అడిగితే మా అమ్మ "ట్రాక్టర్ టైర్ల దగ్గర" అంటుంది. విన్నవాళ్లు పంక్చర్ షాపు అనుకుంటారు. నేనూ పెద్దగా దిద్దను. టైరు మట్టిలో ఎంత దిగుతుంది, ఎంత జారుతుంది, ఎంత బరువు లాగుతుంది అన్నది కంప్యూటర్లో లెక్కగట్టడం నా ఉద్యోగం.

ల్యాబ్‌లో పొడవాటి మట్టి తొట్టి ఉంటుంది. పొద్దున్నే ఆ మట్టిని గుల్ల చేసి, నీళ్లు చల్లి, రోలర్‌తో అణచి, మొన ఉన్న ఇనుప కడ్డీ గుచ్చి గట్టిదనం చూస్తాం. తర్వాతే టైరు తిరుగుతుంది. తిరిగిన లెక్కన వంద మీటర్లు పోవాల్సింది 85 మీటర్లే పోతే స్లిప్ 15 శాతం. అది తప్పు కాదు. గట్టి నేలలో కూడా కాస్త జారితేనే టైరు లాగగలదు.

పట్టు రెండు రకాలుగా వస్తుంది. ఇసుకలో రేణువులు ఒకదాన్నొకటి రాసుకోవడం వల్ల వస్తుంది కాబట్టి బరువు వేస్తే పట్టు పెరుగుతుంది. నానిన నల్లరేగడిలో దాదాపు అంతా జిగటే. అక్కడ ఎంత బరువు వేసినా దిగబడటమే తప్ప లాభం లేదు, మట్టిని తాకే జాగా పెరగాలి. మా ఊళ్లో టైర్లలో నీళ్లు పోయించి దుక్కి దున్నేవాళ్లు, వరి నాట్లకి ముందు నీళ్లు పెట్టి చేను బురద చేసే దమ్ముకి మాత్రం ఇనుప కేజ్ వీల్స్ బిగిస్తారు. చిన్నప్పుడు రోజూ చూసినదాని కారణం నాకు ఇక్కడికొచ్చాక తెలిసింది.

రెండేళ్ల కిందట జూలైలో, ప్రకాశం బ్యారేజి నుంచి కాలవలకి నీళ్లు వదిలిన వారం, నాన్న వీడియో కాల్ చేశాడు. దుగ్గిరాల దగ్గర మా చేలో దమ్ము చేస్తున్న ట్రాక్టరు దిగబడింది. కేజ్ వీల్స్ ఉన్నా ఇరుసుదాకా బురదే. నేను వెంటనే ల్యాప్‌టాప్ తీశాను. బురదకి సరిపడే అంకెలు వేస్తే స్క్రీన్ మీద కూడా ఇరుసుదాకా దిగింది. నా మోడల్‌కి ఆ రోజు తిరుగులేదనుకున్నాను.

"మన చేలో దమ్ముకి ఎప్పుడైనా ఇంతే దిగిద్ది నాన్నా" అన్నాను.

"ఎట్టా దిగిద్దిరా? జానెడు లోతున అడుగు తగిలిద్ది గదా. ఇది పోయినేడు జేసీబీ పెట్టి మెరకకి మట్టి తవ్వి తోలిన చోటు. అడుగు పోయింది."

నోట మాట రాలేదు. ఏళ్ల తరబడి దమ్ము చేస్తే పైన బురద, దాని కింద నొక్కుకుపోయిన గట్టి పొర ఏర్పడతాయి. చక్రం బురదలో ఈదదు, ఆ పొర మీద కాలూని నడుస్తుంది. నేను వాడిన సూత్రం పోలండ్‌లో పుట్టిన బెకర్ అనే ఇంజనీరుది. 1971లో చంద్రుడి మీద నడిచిన బండి వెనక కూడా ఆయన పనే ఉంది. తప్పు ఆయనది కాదు. పైనుంచి పాతాళందాకా ఒకటే మట్టి అనుకుని అంకెలు ఎక్కించింది నేను. మా చేను మొత్తంలో నా లెక్క సరిపోయేది జేసీబీ తవ్విన ఆ ఒక్క మూలకే!

రెండో ట్రాక్టరు తెచ్చి గొలుసు కట్టి లాగేసరికి పొద్దుగూకింది. మర్నాడు నేనడిగితే నాన్న గునపం పట్టుకుని చేలోకి దిగాడు. ఫోన్ చొక్కా జేబులో. నాకు ఆకాశం, గడ్డం, మాటలు మాత్రమే. "ఇక్కడ జానెడు... ఇక్కడ జానెడు మీద రెండు వేళ్లు... ఇదిగో ఇక్కడ గునపం మొత్తం పోతా ఉంది." పద్దెనిమిది చోట్ల గుచ్చాడు. చెప్పింది చెప్పినట్టే షీట్‌లో ఎక్కించుకున్నాను.

సోమవారం మా బాస్ ఆ షీట్ చూసి, ఈ జాన అంటే ఏం కొలత అని అడిగాడు. బల్ల మీద అరచెయ్యి చాచి చూపించాను. ఆయనా పక్కనే చెయ్యి పెట్టి స్కేలు తెచ్చి కొలిచాడు. నాది 21 సెంటీమీటర్లు, ఆయనది 24.

"మరి మీ నాన్నది?" అన్నాడు.