అంత పోసి కొన్నాక కూడా కాళ్ళు మాత్రం పాతవే

షోరూములో ఆ సైకిల్ పై గొట్టం కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తి చూశా, అక్కడే అయిపోయింది నా పని. సైకిల్ అలా దూదిలా పైకి లేస్తుందని అప్పటిదాకా తెలీదు. నా పాత అల్యూమినియం బండి 9.8 కిలోలు, ఇది 7.3. రెండున్నర కిలోలేగా అంటారు గానీ చేతికి తెలిసినప్పుడు రెండున్నరలా ఉండదు, సగానికి సగం తగ్గిపోయినట్టుంటుంది. ఇంకేముంది, మూడు నెలలు నాతో నేనే వాదించుకుని, నేనే ఓడిపోయి, పాతదానికి పెట్టినదానికి దాదాపు ఆరు రెట్లు పెట్టి కార్బన్ ఫైబర్ రోడ్ బైక్ కొనేశా. (బైక్ అంటే తొక్కేదే అండి, పెట్రోల్ పోసేది కాదు. ఆ డబ్బుకి పెట్రోల్ పోసేదే వచ్చేదని మా ఇంట్లో ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటారు.)

కొని ఏడాదిన్నర దాటింది. చూసినవాళ్ళు ఇప్పటికీ ఒకటే అడుగుతారు, "నిజం చెప్పు, అంత పెట్టడం వర్తా?" అని. ఒక్క మాటలో చెప్పలేక నసుగుతుంటాను, అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా.

ముందు బరువు సంగతి, ఎందుకంటే నేను పడిపోయింది దానికే. నేను ఎప్పుడూ ఎక్కే కొండ దారి ఒకటుంది, 4 కిలోమీటర్లు, సగటున 7 శాతం ఏటవాలు. పాత బండి మీద నాకు పట్టేది 20 నిమిషాలు, కాస్త అటూ ఇటూ. కొత్తది తెచ్చిన మొదటి వారమే ఎక్కితే 19 నిమిషాల 5 సెకన్లు! దాదాపు నిమిషం తగ్గింది, ఆ రోజు ఇంటికి తేలుతూ వచ్చా. తర్వాత అర్థమైంది ఏంటంటే ఆ నిమిషంలో సగం బండిది కాదు, కొత్త మోజుది. నెల పోయాక మామూలుగా ఎక్కితే 19 నిమిషాల 30 సెకన్ల దగ్గర ఆగింది, ఇక అక్కణ్ణించి కదల్లేదు. లెక్క వేసినా అంతే వస్తుంది మరి. కొండెక్కేటప్పుడు మనం పైకి మోసేది బండి ఒక్కదాన్నే కాదు కదా, నేను 82 కిలోలు, నాతో పాటు బండి, నీళ్ళ బాటిళ్ళు, హెల్మెట్, బూట్లు, అన్నీ కలిపితే 94 దాకా వస్తాం. అందులో రెండున్నర తగ్గితే 2.7 శాతం తగ్గినట్టు, 20 నిమిషాల్లో 2.7 శాతం అంటే అరనిమిషం. అంత డబ్బు పోసి నేను కొన్నది ఆ అరనిమిషమన్నమాట.

ఆ తర్వాత మెల్లగా ఓ నాలుగు కిలోలు నేనే తగ్గా. అదే కొండ, అదే బండి, 18 నిమిషాల 40 సెకన్లు. ఖర్చు సున్నా. పైగా ప్యాంట్లు వదులయ్యాయి.

ఇంకో తమాషా చెప్తా. ప్రొఫెషనల్ రేసుల్లో బండి 6.8 కిలోల కంటే తేలిగ్గా ఉండకూడదని యూసీఐ (ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య) రూలు, 2000 నుంచి అమల్లో ఉంది. అంటే టూర్ డి ఫ్రాన్స్‌లో కొండలెక్కేవాడి బండి నా బండి కంటే మహా అయితే అరకిలో తేలిక. ఓ చిన్న నీళ్ళ బాటిల్ బరువు. వాడికీ నాకూ ఉన్న తేడా ఆ బాటిల్లో లేదని నా మోకాళ్ళకి బాగా తెలుసు.

సరే, కొండలు వదిలేద్దాం, చదును రోడ్డు మీద గాలిని చీల్చుకుపోయేలా మలిచిన ఏరో ఫ్రేములు, లోతు రిమ్ములు పనికొస్తాయి కదా అంటారు. పనికొస్తాయి, కాదనను. గంటకి 30 దాటాక మనం తొక్కే బలంలో ఎక్కువ భాగం గాలిని తొయ్యడానికే పోతుంది, అది కూడా వేగంతో పాటు నిదానంగా పెరిగేది కాదు, ఘనంలో పెరుగుతుంది, అంటే 30 నుంచి 33కి వెళ్ళాలంటే గాలి వాటా మటుకు 10 శాతం కాదు, 33 శాతం ఎక్కువ తొక్కాలి. అందుకే ఎంత ఎగిరినా స్పీడ్ అక్కడక్కడే తిరుగుతుంటుంది మనకి. కానీ ఆ గాలికి అడ్డంగా ఉన్నది ఎవరు? మనమే. మొత్తం గాలి అడ్డులో సుమారు నాలుగింట మూడొంతులు మనిషిదే, బండిది మిగిలిన ముక్క. ఆ ముక్కలో కాస్త తగ్గించడానికి అంత డబ్బు పోసి, పైన వదులు టీషర్టు వేసుకుని, అది వెనకాల తెరచాపలా పటపటా కొట్టుకుంటుంటే తొక్కడం ఎలా ఉంటుందంటే, కిటికీలన్నీ తీసిపెట్టి ఏసీ వేసుకున్నట్టు. నవ్వకండి, మొదటి రెండు నెలలు నేనూ అదే చేశా.

దానికి మించిన కామెడీ ఇంకోటుంది. నా బండి రేసు జామెట్రీ, అంటే హ్యాండిల్ బార్ బాగా కిందకి ఉంటుంది, మనిషి వంగి తొక్కాలి. గంట తొక్కేసరికి మెడ పట్టేసేది, చిటికెన వేళ్ళు తిమ్మిరెక్కేవి. చివరికి మెకానిక్ హ్యాండిల్ కింద స్పేసర్లు (చిన్న రింగులు) పెట్టి రెండు సెంటీమీటర్లు లేపాడు, అప్పుడు ప్రాణం కుదుటపడింది. ఏరో పేరుతో కొన్నదంతా ఆ రెండు సెంటీమీటర్లలో తిరిగి ఇచ్చేశానన్నమాట. అంత పెట్టే బదులు మొదట్లోనే మంచి బైక్ ఫిట్ (సీటూ హ్యాండిలూ ఒంటికి తగ్గట్టు సర్దించడం) చేయించుకుని ఉంటే పాత బండి మీదే సుఖంగా పోయేవాణ్ణేమో.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది గ్రేమ్ ఓబ్రీ, స్కాట్లాండ్ ఆయన. 1993 జూలైలో నార్వేలోని హామర్‌లో గంటసేపు ఆగకుండా ఎంత దూరం తొక్కగలడో చూద్దామని దిగాడు. తొక్కింది తన చేత్తో తను చేసుకున్న బండి, పేరు ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, అందులో బేరింగులు వాషింగ్ మెషీన్‌లోంచి పీకినవి. అసలు ముందు రోజు, జూలై 16న, దానికి నకలుగా చేయించిన కొత్త బండి మీద ప్రయత్నించి ఫెయిలయ్యాడు. ఇంకొకడైతే మూటా ముల్లె సర్దుకుని ఇంటికి పోయేవాడు, ఈయన మాత్రం తెల్లారి పాత బండినే ఎక్కి 51.596 కిలోమీటర్లు కొట్టేశాడు, ప్రపంచ రికార్డు! ఆయన కనిపెట్టిన అసలు సంగతి బండిలో లేదు, కూర్చునే తీరులో ఉంది, రెండు చేతులూ ముడిచి ఛాతీ కింద దాచేసుకుని, గాలికి దొరక్కుండా ముద్దలా అయిపోయేవాడు. మరుసటేడు యూసీఐ ఆ కూర్చునే తీరునే బ్యాన్ చేసింది. ఇక ఓబ్రీ రికార్డు కొట్టిన ఆరు రోజులకే ఇంకో రేసరు క్రిస్ బోర్డ్‌మన్ బోర్డోలో కార్బన్ బండి మీద 52.270తో రికార్డు పట్టుకుపోయాడు, అది కూడా చెప్పాలి, లేకపోతే కథ ఒకవైపే చెప్పినట్టవుతుంది. తేడా 674 మీటర్లు. ఇద్దరి కాళ్ళు వేరు, ట్రాకులు వేరు, కాబట్టి ఆ 674 మీటర్లనీ కార్బన్ ఖాతాలో వెయ్యలేం గానీ, వాషింగ్ మెషీన్ బేరింగులతో అంత దగ్గరికి రావడం ఏంటండీ అసలు!

ఇక డబ్బు నిజంగా పని చేసే చోటు ఏదంటే, నా ఓటు టైర్లకి. ఇది ఎవరూ షోరూములో చెప్పరు, ఎందుకంటే టైర్లు చూసి ఎవడూ మురిసిపోడు. టైరు రోడ్డుకి ఆనిన చోట అణిగి, దాటగానే మళ్ళీ లేస్తుంది, అణగడానికి తీసుకున్న శక్తిలో కొంత తిరిగిరాదు, రబ్బరులోనే వేడిగా పోతుంది. కేసింగ్ (రబ్బరు కింద ఉండే గుడ్డ పొర) పల్చగా మెత్తగా ఉంటే తక్కువ పోతుంది, మందంగా మొద్దుగా ఉంటే ఎక్కువ. బండితో పాటు వచ్చే చవక టైరుకీ మంచి టైరుకీ ఒక్కో చక్రానికి 5 నుంచి 10 వాట్ల తేడా మామూలే. రెండు చక్రాలకి కలిపి చూసుకోండి, 150 వాట్లు తొక్కే మనలాంటివాళ్ళకి అది చిన్న విషయం కాదు. నేను పాత బండికి మంచి టైర్లు వేసిన రోజు ఎదురుగాలి ఆగిపోయిందేమో అనుకున్నా, నిజంగా. గాలి కూడా అంతే, ఒకప్పుడు సన్నటి 23 ఎంఎం టైర్లకి రాయిలా 120 పీఎస్ఐ కొట్టి అదే స్పీడ్ అనుకునేవాళ్ళం, ఇప్పుడు కొత్త బండికి 28 ఎంఎం వేసి 75 కొడుతున్నా. గరుకు రోడ్డు మీద గట్టి టైరు ప్రతి గతుక్కీ మనిషినీ బండినీ కలిపి పైకి ఎగరేస్తుంది, ముందుకి పోవాల్సిన బలం పైకి పోతుంది. మెత్తగా ఉంటే ఆ గతుకుని టైరే మింగేస్తుంది.

గేర్ల గురించి పెద్దగా చెప్పను. సైకిల్ గేర్లు చేసే షిమానోలో మధ్య రకం పేరు 105, దానిపైన అల్టెగ్రా, అన్నిటికంటే పైన డ్యూరా-ఏస్. 105 దాకా పెట్టే ప్రతి పైసా చేతికి తెలుస్తుంది, అక్కణ్ణించి అల్టెగ్రాకి, అల్టెగ్రా నుంచి డ్యూరా-ఏస్‌కి వెళ్తే కొనేది ఎక్కువగా గ్రాములే. షిమానో ఎలక్ట్రానిక్ గేర్లు 2009లో డ్యూరా-ఏస్‌తో మొదలయ్యాయి, 2022కి 105లోకే దిగొచ్చాయి, అదే 12 స్పీడ్, అదే బటన్. నాది అల్టెగ్రా. కళ్ళు మూసుకుని నొక్కమంటే ఏది ఏదో నేను చెప్పలేను.

ఇప్పుడు కడుపుమంట ఒకటి కక్కేస్తా. ఈ ఖరీదైన బండ్లలో బ్రేకు గొట్టాలు అవీ బయటికి కనపడవు, హ్యాండిల్ లోంచి, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల సెట్టు) లోంచి ఫ్రేము లోపలికి పోతాయి, చూడ్డానికి భలే నీటుగా ఉంటుంది. ఓ రోజు తొక్కుతుంటే ముందు వైపు కిర్రు కిర్రుమని మొదలైంది. నిలబడి తొక్కితే కిర్రు, కూర్చుంటే లేదు. హెడ్‌సెట్ బేరింగ్ పోయిందన్నారు. పాత బండిలో అది అరగంట పని, ఇందులో బ్రేకు గొట్టాలు ఊడదీసి, బేరింగ్ మార్చి, మళ్ళీ లోపలి నుంచి దూర్చి, ఆయిల్ నింపి, గాలి బుడగలు తీసి, మొత్తం రెండు రోజులు పట్టింది, బేరింగ్ ఖరీదు కంటే కూలి నాలుగింతలు. తెచ్చుకుని ఎక్కా. కిర్రు! నెల తర్వాత నేనే సీటు పోస్టు పీకి, తుడిచి, కార్బన్ పేస్ట్ (జారకుండా పట్టు ఇచ్చే పూత) రాసి, ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే టార్క్ రెంచితో ఫ్రేము మీద రాసినంతే బిగించి పెడితే పోయింది. బోలు కార్బన్ ఫ్రేములో చప్పుడు ఎక్కడ పుడుతుందో ఎక్కడ వినపడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

అన్నిటికంటే నాకు మింగుడుపడని విషయం భయం. పాత బండిని ఎక్కడైనా గోడకి ఆనించి, తాళం వేసి, పని చూసుకుని వచ్చేవాణ్ణి. దీన్ని అలా వదల్లేను, ఐదు నిమిషాలు కనపడకపోతే గుండె కొట్టుకుంటుంది. మబ్బు పట్టినా బయటికి తియ్యను, గుంపులో తొక్కుతుంటే పక్కవాడి చక్రం దగ్గరికొస్తే చాలు ప్రాణం పోతుంది, పడితే నా మోచెయ్యి కంటే ముందు ఫ్రేము చూసుకున్న రోజు కూడా ఉంది, సిగ్గుపడాలి. పోయిన ఏడాది లెక్క తీస్తే కొత్త బండి మీద 2,900 కిలోమీటర్లు, పాతదాని మీద 3,600. ఆరు రెట్లు పెట్టినది తక్కువ తిరిగింది!

మరి అమ్మేస్తావా అంటే, అమ్మను. ఎందుకంటే కొండ దిగేటప్పుడు ఉంటుంది చూడండి. బయల్దేరాక చెప్పకుండా సన్నగా జల్లు మొదలైంది, రోడ్డు మెరుస్తోంది, మలుపు ముందు ఒక్క వేలితో డిస్క్ బ్రేకు నొక్కితే నేను అనుకున్న చోట అనుకున్నంతే తగ్గుతుంది, పాత బండి రిమ్ బ్రేకులైతే తడిలో ముందు ఓ నాలుగు చుట్లు జారి అప్పుడు తీరిగ్గా పట్టుకునేవి, ఆ జారే క్షణంలో దేవుళ్ళందరూ వరసగా గుర్తొచ్చేవాళ్ళు. ఇంకా ఉదయం పూట ఖాళీ రోడ్డు మీద నిలబడి ఒక్క తొక్కు తొక్కగానే అది ముందుకి దూకే తీరు, దాన్ని స్టాప్‌వాచ్ పెట్టి కొలిస్తే ఏమీ రాదు, నాకు తెలుసు, అయినా అది ఉంది. కాకపోతే డిస్క్ బ్రేకులు సగం ధర బండిలో కూడా వస్తాయి, ఆ సంగతి దాచను.

కాబట్టి ఎవరైనా అడిగితే నేను చెప్పేది, షిమానో 105 గేర్లు, హైడ్రాలిక్ డిస్కులు, 30 ఎంఎం టైరు పట్టే ఫ్రేము, అల్యూమినియమైనా మామూలు కార్బనైనా పర్లేదు, అక్కడ ఆగిపోండి. మిగిలిన డబ్బులో టైర్లు, ఫిట్టింగ్, ఒంటికి పట్టే బట్టలు చూసుకోండి, చైన్ శుభ్రంగా ఉంచుకోండి. రేసులు ఆడేవాళ్ళ లెక్క వేరు, అక్కడ అర సెకనుకి పోడియం పోతుంది, వాళ్ళు కొనుక్కోవచ్చు. మనకైతే నేను చెప్పినదానిపైన పెట్టేదంతా సరదా, సరదాకి పెట్టుకోవడం తప్పు కాదు గానీ స్పీడ్ కొంటున్నామని మాత్రం ఇంట్లో చెప్పకండి, దొరికిపోతారు. సెకండ్ హ్యాండ్ కార్బన్ అయితే ఫ్రేముకి ఎక్కడైనా పగులుందేమో తెలిసినవాళ్ళ చేత చూపించకుండా తీసుకోవద్దు, పైన పెయింట్ బాగానే ఉండి లోపల పొరలు విడిపోయిన కేసులుంటాయి.

పోయిన వారం ఆఫీసులో ఒకతను ఇదే అడిగితే ఇంటికి పిలిచి ఈ లెక్కలన్నీ కాగితం మీద వేసి మరీ చూపించా, శాతాలు, వాట్లు, ఓబ్రీ కథ, కిర్రు కిర్రు, అన్నీ. చాలా శ్రద్ధగా విన్నాడు, నిజమేనండీ 105 చాలు అన్నాడు. వెళ్తూ వెళ్తూ గోడకి ఉన్న బండి దగ్గర ఆగి, పై గొట్టం కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తాడు. కిందకి దింపలేదు కాసేపు. "ఇందులో నా సైజు దొరుకుతుందంటారా?" అన్నాడు.