హార్లేనా, వల్కనా? మా బావతో తెగని పంచాయితీ

మా బావకు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. ఈసారి పంట బాగా వచ్చింది, రేటూ కలిసొచ్చింది, దాంతో ఎప్పటి నుంచో మనసులో దాచుకున్న మాట బయటపెట్టాడు. కాళ్లు ముందుకు చాపుకుని నడిపే పెద్ద బండి, అదే క్రూజర్, ఒకటి కొనాలట. పెద్ద బండి అంటే ఆయన లెక్కలో అమెరికా వాళ్ల హార్లే డేవిడ్‌సన్ ఒక్కటే. నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న జపాన్ బండి కవాసకి వల్కన్ ఎస్ నడుపుతున్నాను కాబట్టి నన్ను సలహా అడిగాడు, అడిగి నేను చెప్పింది ఒక్కటీ వినలేదు. ఆయన వినని మాటలన్నీ ఇక్కడ రాసిపెడుతున్నా. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇంకా ఉంటారని తెలుసు.

ముందే చెప్పేస్తా, మన వైపు తిరిగేటట్టయితే నా ఓటు జపాన్ బండికే. కాకపోతే బావ అనుకున్నట్టు హార్లే ఒరిజినల్, మిగతావన్నీ డూప్లికేట్ అనే మాట మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోను.

ఈ రెండు దేశాల బండ్ల కథ ఎప్పుడో కలిసిపోయింది. 1930ల్లోనే హార్లే దగ్గర లైసెన్స్ తీసుకుని జపాన్‌లో రికువో అనే పేరుతో అవే బండ్లు తయారుచేశారు, 1950ల చివరి దాకా అవి వచ్చాయి. తర్వాత కథ తిరగబడింది. 1969లో ఏఎంఎఫ్ అనే కంపెనీ చేతికి వెళ్లాక హార్లే క్వాలిటీ పడిపోయింది, అదే సమయానికి హోండా, యమహా, కవాసకి, సుజుకి నాలుగూ తక్కువ ధరకు, ఆయిల్ కారని బండ్లు తెచ్చి అమెరికా మార్కెట్‌ను తినేశాయి. 1981లో హార్లేలో పనిచేసే పెద్దలే కొందరు అప్పు చేసి కంపెనీని వెనక్కి కొనుక్కున్నారు. 1983లో రీగన్ ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి బండ్ల మీద సుంకాన్ని 4.4 శాతం నుంచి 49.4 శాతానికి పెంచింది. జపాన్ వాళ్లు ఏం చేశారంటే, 750 సీసీ బండ్ల ఇంజిన్‌ను 700కి కాస్త తక్కువగా కుదించి మళ్లీ దించారు! హోండా షాడో 700, యమహా విరాగో 700 అట్టా పుట్టినవే. ఆ సుంకం ఐదేళ్లు ఉండాల్సింది, 1987లో హార్లేయే ఇక మాకు అక్కర్లేదని చెప్పింది. మధ్యలో వాళ్లు ఊరికే కూర్చోలేదు, స్టాకు పేర్చి పెట్టుకోకుండా ఎప్పటికప్పుడు పార్టులు తెప్పించుకోవడం, ప్రతి దశలో తనిఖీ చేయడం లాంటి జపాన్ ఫ్యాక్టరీ పద్ధతులన్నీ నేర్చుకున్నారు. ఇప్పుడు హార్లే ఆయిల్ కారడం లేదంటే అందులో జపాన్ పాఠం కూడా కొంత ఉంది. ఇది చెబితే బావకు కోపం.

ఇంకో సంగతి. హోండా గోల్డ్ వింగ్ 1980 నుంచి 2009 దాకా అమెరికాలోని ఒహాయోలో తయారైంది. ఇప్పుడు మన రోడ్ల మీద కనిపించే హార్లే ఎక్స్ 440ని హీరో కంపెనీ రాజస్థాన్‌లో తయారుచేస్తోంది. ఏది ఏ దేశం బండో మీరే చెప్పండి. అసలు హార్లే మన దేశంలోకి రావడానికి దారి తెరిచింది మామిడికాయ అని చాలామందికి తెలియదు. 2007లో మన మామిడిపండ్లను అమెరికా రానిచ్చింది, బదులుగా మనవాళ్లు హార్లే దిగుమతికి అడ్డుగా ఉన్న పొగ నిబంధనలు సడలించారు. ఉలవపాడు తోటల దగ్గర హైవే మీద ఎప్పుడైనా హార్లే కనపడితే నాకు నవ్వొస్తుంది.

సరే, అసలు తేడా ఎక్కడుంది? ఇంజిన్‌లో. హార్లే పాత పద్ధతి ఇంజిన్‌లో రెండు సిలిండర్లు వీ ఆకారంలో 45 డిగ్రీల కోణంలో ఉంటాయి (వీ ట్విన్ అనేది దీన్నే), రెండు పిస్టన్ల కనెక్టింగ్ రాడ్లూ క్రాంక్ మీద, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు మీద, ఒకే పిన్నుకు తగిలించి ఉంటాయి. అందుకని ఒక సిలిండర్ ఫైర్ అయ్యాక క్రాంక్ 315 డిగ్రీలు తిరిగితే రెండోది ఫైర్ అవుతుంది, మళ్లీ మొదటిది ఫైర్ అవ్వాలంటే 405 డిగ్రీలు తిరగాలి. ఆ సమానం కాని వ్యవధి వల్లే ఐడిల్‌లో ఆగి ఆగి వచ్చే ఆ దడదడ. ఇంజినీరింగ్‌గా చూస్తే అది గొప్ప డిజైన్ ఏమీ కాదు, వైబ్రేషన్ ఎక్కువ. హోండా లాంటి జపాన్ కంపెనీలు చాలాకాలం క్రాంక్ పిన్నులు వేరు వేరుగా పెట్టి ఆ వైబ్రేషన్ తగ్గించుకుంటూ వచ్చాయి, బండి మెత్తగా నడిచేది, జనం మాత్రం హార్లేనే కొనేవాళ్లు. చివరికి 1995లో హోండా షాడో 1100లో ఏస్ అనే మోడల్ తెచ్చి హార్లే లాగే ఒకే పిన్ను పెట్టింది. పవర్ తగ్గింది, వైబ్రేషన్ పెరిగింది, అయినా పెట్టారు, కేవలం శబ్దం కోసం! అంతకు ముందు ఏడాదే హార్లే తన శబ్దానికి ట్రేడ్‌మార్క్ కావాలని దరఖాస్తు పెట్టింది, పోటీ కంపెనీలు అడ్డుపడ్డాయి, లాగి లాగి 2000లో వెనక్కి తీసుకుంది.

నా వల్కన్ ఎస్‌లో ఉన్నది వీ ట్విన్ కూడా కాదు. పక్కపక్కన రెండు సిలిండర్లున్న 649 సీసీ ఇంజిన్, నింజా 650ది అదే కుటుంబం. అరవై హార్స్ పవర్ పైచిలుకు, ఆరు గేర్లు. బావ మొదటిసారి స్టార్ట్ చేసి విని "ఏందిరా ఇది, కుట్టుమిషన్ మాదిరి" అన్నాడు. తప్పేం లేదు, ఆ శబ్దం నిజంగానే అట్టాగే ఉంటుంది. హోండా రెబెల్ 500 అయినా, కొత్త కవాసకి ఎలిమినేటర్ అయినా అంతే, చూడ్డానికి క్రూజర్లు, లోపల స్పోర్ట్స్ బండి ఇంజిన్లు.

కాబట్టి ఒకటి ఖాయం. మీకు కావాల్సింది ఆ దడదడే అయితే, డబ్బు మిగులుతుందని వల్కన్ కొనుక్కోకండి. ప్రతి సిగ్నల్ దగ్గరా మనసు వేరే బండి మీదే ఉంటుంది, ఏడాది తిరక్కుండా నష్టానికి అమ్ముతారు. అట్టా అమ్మినవాళ్ల దగ్గరే నాలాంటి వాళ్లం కొంటాం, ఆ లెక్కన మాకు మంచిదే అనుకోండి.

ఇప్పుడు ఎండ సంగతి. రోహిణి కార్తెలో నెల్లూరు, ఒంగోలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. గాలితో చల్లబడే పెద్ద వీ ట్విన్‌లో ముందు సిలిండర్ వేడి చేసిన గాలే వెనక సిలిండర్‌కు తగులుతుంది, ఆ వెనక సిలిండర్ సరిగ్గా మన తొడల దగ్గర ఉంటుంది. హైవే మీద పోతున్నంతసేపూ తెలియదు. గాంధీబొమ్మ సెంటర్‌లో ఆటోల మధ్య ఇరుక్కుని, లేదా పెళ్లిళ్ల సీజన్‌లో ట్రంక్ రోడ్డులో ఊరేగింపు వెనక నిలబడి చూడండి, అప్పుడు తెలుస్తుంది. కంపెనీకీ ఈ సంగతి తెలుసు, అందుకే కొన్ని హార్లే మోడళ్లలో బండి ఆగి ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడు వెనక సిలిండర్ ఫైర్ అవడం ఆగిపోయే ఏర్పాటు పెట్టారు. వల్కన్, రెబెల్‌లో రేడియేటర్ ఉంది, ఫ్యాన్ తిరుగుతుంది, ఆ వేడి కూడా కాళ్లకు తగులుతుంది, తగలదని అబద్ధం చెప్పను, కానీ తట్టుకోవచ్చు. అమెరికా బండే కావాలి, వేడి వద్దు అనుకుంటే హార్లే నైట్‌స్టర్ ఉంది, 975 సీసీ, లిక్విడ్ కూలింగ్. ఇండియన్ అనే ఇంకో అమెరికా కంపెనీ స్కౌట్ కూడా 2014 నుంచీ లిక్విడ్ కూలింగే. వాటిలో పాత దడదడ అంతగా ఉండదు మరి. వేడి, శబ్దం రెండూ ఒకే మూటలో వస్తాయి.

రోడ్ల విషయానికొస్తే ఎన్‌హెచ్ 16 మీద ఏ బండైనా రాజాయే. నెల్లూరు నుంచి ఒంగోలు నూట ఇరవై కిలోమీటర్ల చిల్లర, టూవీలర్‌కు టోల్ లేదు, తెల్లవారుజామున బయల్దేరితే ఎండ ఎక్కకముందే చేరొచ్చు. పాతిక లక్షల పైమాటైన హార్లే ఫ్యాట్ బాయ్ లాంటి బండి సుఖం ఏంటో అక్కడ అర్థమవుతుంది, దాదాపు 1,900 సీసీ ఇంజిన్, టాప్ గేర్‌లో వదిలేస్తే అదే పోతుంది. అసలు తంటా హైవే దిగాకే. ఆ బండి బరువు 300 కిలోలు దాటుతుంది, నేలకూ బండి కిందికీ మధ్య ఉన్న ఎడం 115 మిల్లీమీటర్లే. మైపాడు రోడ్డులో ప్రతి ఊరి ముందూ ఎవరికి తోచినట్టు వాళ్లు వేసిన స్పీడ్ బ్రేకర్లను ఒకసారి గుర్తుచేసుకోండి. వల్కన్‌కు ఆ ఎడం 130, రెబెల్‌కు 125, అవీ గొప్పేం కావు, అయితే 235 కిలోల బండిని, అంతకంటే 191 కిలోల రెబెల్‌ను పక్కకు వంచి మూలగా ఎక్కించడం తేలిక. క్రూజర్లకు వెనక సస్పెన్షన్ ఎంతసేపూ పొట్టిదే, నా బండికి 80 మిల్లీమీటర్ల ప్రయాణమే ఉంది. కాళ్లు ముందుకు చాపి ఉంటాయి కాబట్టి గుంట వచ్చినప్పుడు లేచి నిలబడలేం, దెబ్బ నేరుగా నడుముకే.

కోతలప్పుడు ఇంకో ప్రమాదం, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. గింజల మీద బ్రేక్ వేస్తే టైరు జారుతుంది, బరువైన బండి జారితే ఒక్కడివల్ల ఆపడం కాదు. బీచ్‌లో ఇసుక మీద సైడ్ స్టాండ్ వేస్తే దిగబడి బండి పడిపోతుంది, చదునైన రేకు ముక్క ఒకటి సీటు కింద పెట్టుకోండి, ఏ దేశం బండైనా సరే.

ప్రకాశం వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. హార్లే పెద్ద క్రూజర్లలో వెనక చక్రాన్ని తిప్పేది చైన్ కాదు, బెల్ట్. శుభ్రం, నిశ్శబ్దం, ఆయిల్ వేయక్కర్లేదు, నేను కుళ్లుకునేది ఒక్క దానికే. అయితే ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి వైపు పోయేవాళ్లకు తెలుసు, గ్రానైట్ లారీల నుంచి రాలిన చిప్స్ రోడ్డు పక్కన ఎలా ఉంటాయో. ఒక్క పదునైన రాయి బెల్ట్‌కూ పుల్లీకీ మధ్యలో పడితే బెల్ట్‌కు చిల్లు పడొచ్చు. దాన్ని అతికించడం ఉండదు, మార్చాల్సిందే, పెద్ద హార్లేలో మార్చాలంటే వెనక భాగం చాలావరకు విప్పాలి. చైన్ బండికి ఆరేడు వందల కిలోమీటర్లకోసారి తుడిచి లూబ్ కొట్టే చాకిరీ ఉంది, సముద్రపు గాలికి తుప్పు కూడా తొందరగా పడుతుంది, కానీ తెగినా సాగినా పార్టు తెప్పించుకుంటే ఊళ్లో మెకానిక్ వేసేస్తాడు. నిజం చెప్పాలంటే హార్లేకు అనుకూలమైనదీ ఒకటుంది, దాని పెద్ద ఇంజిన్లలో హైడ్రాలిక్ లిఫ్టర్లుంటాయి, వాల్వుల దగ్గర ఉండే సందును అవే ఆయిల్ ఒత్తిడితో సరిచేసుకుంటాయి, వాల్వ్ క్లియరెన్స్ సెట్ చేయించే పనే లేదు. నా బండికి ఆ సందు సరిచేయడానికి షిమ్ములు అనే చిన్న బిళ్లలు మార్పించే ఖర్చు ఎప్పటికైనా ఉన్నదే.

డబ్బు గురించి చాలామంది తికమకపడుతున్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 18 శాతానికి దిగింది, ఆ పైవాటికి 40 శాతమైంది, అంతకు ముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. అంటే జపాన్, అమెరికా రెండింటికీ ఒకే దెబ్బ, పన్ను వల్ల ఏదీ చవక కాలేదు. రెబెల్ 500 ఆ ఏడాది మే నెలలో 5.12 లక్షల ఎక్స్ షోరూమ్‌తో దిగింది, వల్కన్ దానికి రెండు మూడు లక్షలు పైన. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ దీని మీద.

సర్వీస్‌కు రెండు రకాల వాళ్లమూ చెన్నై దారి పట్టాల్సిందే, నెల్లూరుకు అదే దగ్గర, ఒంగోలు వాళ్లు విజయవాడ కూడా చూసుకోవచ్చు. ఆదివారం పొద్దున్నే సూళ్లూరుపేట మీదుగా పోయి బండి ఇచ్చి, బస్సులో రావడం, మళ్లీ పోవడం. ఆ ఖర్చు ఈఎంఐలో ఎవరూ కలపరు. 2020లో హార్లే సొంత దుకాణం మూసుకుని, తర్వాత హీరోతో కలిసి నడుస్తున్న సంగతి గుర్తుంచుకుని, ముఖ్యంగా ఆపేసిన స్ట్రీట్ 750 లాంటివి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయని ఎగబడకుండా, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, రేడియేటర్ గొట్టాలు ఎన్ని రోజుల్లో తెప్పిస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. తమిళనాడు రిజిస్ట్రేషన్ బండయితే ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ ట్యాక్స్, అదో తలనొప్పి.

మధ్యలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ కొనుక్కోవచ్చుగా అని అడిగేవాళ్లు ఉంటారు. కొనుక్కోవచ్చు. చెన్నైలో తయారయ్యే 648 సీసీ బండి, సర్వీస్ ఊళ్లోనే దొరుకుతుంది, మెదడుతో ఆలోచిస్తే మన వైపు దాన్ని కొట్టేది లేదు. మెదడుతో ఆలోచించేవాడు అసలు క్రూజర్ కొనడు కదా.

బావ ఇప్పటికి ఫ్యాట్ బాయ్ నుంచి నైట్‌స్టర్ దాకా దిగాడు, అది కూడా నా మాట విని కాదు, ఎవరో స్నేహితుడి పెద్ద బండిని పార్కింగ్‌లో వెనక్కి తోయబోయి రొప్పొచ్చి. వచ్చే ఆదివారం చెన్నై పోతున్నాం. మధ్యాహ్నం రెండింటికి టెస్ట్ రైడ్ అడగమన్నాను, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏ బండైనా బాగానే ఉంటుంది. అక్క కూడా వస్తానంది. వెనక సీటు మీద కనీసం అరగంట కూర్చుని చూశాకే అడ్వాన్స్ అని ఆమె షరతు, క్రూజర్ల వెనక సీట్లు ఎంత ఉంటాయో తెలిసిన నేను ఏమీ మాట్లాడలేదు.