బరువు తగ్గాక వచ్చిన నడుం నొప్పి

ఆపరేషన్‌కి ముందు నాకున్న నడుం నొప్పి వేరు, తర్వాత వచ్చింది వేరు. ఈ తేడా తెలిశాకే నాకు సరైన దారి దొరికింది. బరువు తగ్గడానికి పొట్టకి చేసే గ్యాస్ట్రిక్ బైపాస్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకీ, చేయించుకోవాలని ఆలోచిస్తున్నవాళ్లకీ పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మాది రాజమండ్రి, నాది బ్యాంకు ఉద్యోగం. బరువు 118 కిలోలు, దానికి తోడు షుగరు, బీపీ. పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే చాలు, నడుం బిగుసుకుపోయేది. గట్టు మీద మోచేతులు ఆనించి కూర కలిపేదాన్ని. కుర్చీలో కూర్చుంటే మాత్రం హాయిగా ఉండేది. పొట్ట బరువు ముందుకు లాగుతుంటే నడుం దగ్గర వెన్ను లోపలికి ఎక్కువగా వంగుతుందనీ, నిలబడినప్పుడు ఆ భారమంతా వెనక కీళ్ల మీద పడుతుందనీ డాక్టరు చెప్పారు. బరువు తగ్గితే చాలామందికి ఈ నొప్పి తగ్గుతుందని కూడా అన్నారు.

ఆ మాట నిజమే అయింది. హైదరాబాద్‌లో సర్జరీ జరిగింది. పొట్ట పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టేంత సంచిగా విడదీసి, దాన్ని చిన్నపేగుకి కలిపారు. నెలలు గడిచేకొద్దీ బరువు దిగుతూ వచ్చింది, షుగరు మాత్రలు తగ్గాయి, నిలబడి వంట చేయడం మొదలుపెట్టాను. ఆ పాత నొప్పి మళ్లీ రాలేదు.

తొంభై కిలోలకి దగ్గరవుతున్న రోజుల్లో కొత్త నొప్పి మొదలైంది. ఇది కూర్చుంటేనే వచ్చేది. బ్యాంకు కుర్చీలో గంట గడిస్తే వెన్ను చివర ఎముక దగ్గర పోటు. పూజకి పీట మీద కూర్చుంటే ఎముక చెక్కకి నేరుగా తగిలేది. పొద్దున్నే మొహం కడుక్కోవడానికి వంగితే నడుం అడ్డంగా పట్టేసేది. కారులోంచి దిగేటప్పుడు తలుపు పట్టుకుని ఒక క్షణం అలాగే ఆగిపోయేదాన్ని.

“ఇంత తగ్గావు కదా, ఇంకా నడుం నొప్పేంటి?” అని అందరూ అడిగేవాళ్లు. వాళ్లు ప్రేమగానే అడిగారు. కానీ ఆ ప్రశ్న నాకు చాలా కష్టంగా అనిపించేది. అంత డబ్బు పెట్టి, ఇన్ని జాగ్రత్తలు పాటించి, చివరికి మళ్లీ నడుం పట్టుకుని నడుస్తున్నానంటే ఈ ఆపరేషన్ వల్ల ఏం ఒరిగినట్టు? రాత్రిళ్లు అదే టెన్షన్. ఈ మాట మా వారితో కూడా చాలా రోజులు చెప్పలేకపోయాను.

మందుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. మన ఇళ్లలో నడుం పట్టేసిందంటే మొదట గుర్తొచ్చేది నొప్పి మాత్రే. “ఒక మాత్ర వేసుకుని పడుకో అమ్మాయ్, పొద్దున్నకి సర్దుకుంటుంది,” అని మా అత్తయ్యగారు తన డబ్బాలోంచి తీసి ఇచ్చారు. స్ట్రిప్ వెనక చదివితే ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ అని ఉంది. ఇలాంటి మాత్రల పేర్లలో చాలావాటికి చివర పి అనే అక్షరం ఉంటుంది. దాన్ని చూసి చాలామంది అది పారాసిటమాలే అనుకుంటారు. ముందున్న ఎసిక్లోఫెనాక్ బైపాస్ అయినవాళ్లకి పనికిరాని మందు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా అదే జాతివి. పొట్ట సంచిని పేగుతో కలిపిన చోట ఇవి పుండు పడేలా చేస్తాయి, ఆ పుండు నుంచి రక్తం కారవచ్చు, ఒక్కోసారి అక్కడ చిల్లు కూడా పడవచ్చు. డిశ్చార్జ్ రోజున సర్జన్ గారు ఇదంతా విడమరిచి చెప్పి, “ఈ రకం మందులు ఇక జీవితాంతం వద్దమ్మా,” అన్నారు.

మా వీధి మెడికల్ షాపులో అడిగితే, “గ్యాస్ మాత్ర కలిపి వేసుకోండి మేడం, ఏం కాదు,” అన్నారు. గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుందే గానీ ఈ మందులకి లైసెన్సు ఇవ్వదు. మాత్ర వద్దంటే ఇంజెక్షన్ చేయించుకోమనేవాళ్లు కూడా ఉంటారు. సూది ద్వారా వెళ్లినా అదే మందు రక్తంలో కలిసి అక్కడికే చేరుతుంది. కాబట్టి నాకు మిగిలింది డాక్టరు రాసిచ్చిన మోతాదు దాటకుండా పారాసిటమాల్, వేడినీళ్ల కాపడం. సర్జన్ గారిని అడిగి కొద్ది రోజులు పైపూత జెల్ వాడాను. ఈ విషయంలో మొహమాటపడకూడదు. పెద్దవాళ్లు ఇచ్చినా, పక్కింటివాళ్లు ఇచ్చినా స్ట్రిప్ తిప్పి చదవాలి. నేను నా బ్యాగులో ఒక కాగితం పెట్టుకున్నాను. నాకు బైపాస్ అయిందనీ, ఏ మందులు ఇవ్వకూడదనీ అందులో రాసి ఉంటుంది.

నొప్పి తగ్గకపోయేసరికి మళ్లీ సర్జన్ గారి దగ్గరికి వెళ్లాను. నడుంలో నొప్పి ఉన్నంత మాత్రాన జబ్బు నడుంలోనే ఉందని అనుకోకూడదన్నారు. బరువు వేగంగా తగ్గేవాళ్లకి పిత్తాశయంలో రాళ్లు పడుతుంటాయి, ఆ నొప్పి కుడి పక్కటెముకల కింద మొదలై వీపులోకి పాకుతుంది. బైపాస్ తర్వాత కిడ్నీలో రాళ్లు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. అందుకని ముందు అల్ట్రాసౌండ్ చేశారు. రాళ్లేమీ లేవు. కాళ్లలో తిమ్మిరి ఉందా, బలం తగ్గిందా, జ్వరం వస్తోందా, మూత్రం మీద అదుపు తప్పుతోందా అని ఒక్కొక్కటీ అడిగారు. వీటిలో ఏది ఉన్నా ఇంట్లో కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలట. నాకు ఏవీ లేవు. రక్తపరీక్షలో విటమిన్ డి 14 వచ్చింది, 20 కంటే తక్కువైతే లోపమే. వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల డోసు మొదలుపెట్టి, కాల్షియం సిట్రేట్ కొనసాగించమన్నారు. మామూలు కాల్షియం కార్బొనేట్ ఒంటబట్టాలంటే పొట్టలో ఆమ్లం కావాలి, బైపాస్ అయినవాళ్లకి అది తక్కువ కాబట్టి సిట్రేటే మంచిది. ఐరన్ మాత్రకీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి.

అసలు కారణం ఫిజియోథెరపిస్టు చేతికి దొరికింది. నా కూతురి వయసున్న అమ్మాయి. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, నడుం పైకెత్తమంది. ఎత్తి రెండు క్షణాలు కూడా ఉంచలేకపోయాను, కాళ్లు వణికిపోయాయి. “మేడమ్, పందిరి రాటని నాలుగు వైపులా తాళ్లు పట్టుకున్నట్టు వెన్నుని కండరాలు పట్టుకోవాలి. మీకు కొవ్వుతో పాటు ఆ కండ కూడా పోయింది,” అంది. కూర్చుంటే నొప్పి ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. పిరుదుల మీద మెత్తదనం తగ్గిపోయి, శరీరం బరువు వెన్ను చివరి ఎముక మీద పడుతోంది. ముందు వేలాడుతున్న పొట్ట చర్మం కూడా లాగుతోంది.

కండ తిరిగి రావాలంటే ప్రోటీన్ కావాలి. రోజుకి 60 నుంచి 80 గ్రాములని డైటీషియన్ చెప్పారు. నాలుగు ముద్దలకే నిండిపోయే పొట్టకి అది చిన్న విషయం కాదు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. అందుకని కంచంలో వరస మార్చాను. ముందు గుడ్డో, చేప ముక్కో, చికెనో, పనీరో తిన్నాక ఖాళీ ఉంటేనే అన్నం. పులస సీజన్‌లో కూడా ముక్క ముందు, పులుసన్నం తర్వాత. గోదావరి జిల్లావాళ్లకి ఇది ఎంత కష్టమో నేను చెప్పక్కర్లేదు! చిక్కటి పెరుగు, పెసరట్టు సాయంత్రం పూటకి వచ్చాయి. మిగతా లోటు ప్రోటీన్ పొడితో పూడ్చుకున్నాను.

వ్యాయామం మంచం మీదే మొదలైంది. మోకాళ్లు మడిచి పడుకుని, ఊపిరి వదులుతూ నడుముని పరుపుకి అదిమి, మెల్లగా ఐదు లెక్కపెట్టడం. అది కుదిరాక బ్రిడ్జ్, అంటే ఆ అమ్మాయి మొదటి రోజు చేయించిన నడుం పైకెత్తడం, ఆ తర్వాత చేతుల మీద, మోకాళ్ల మీద ఉండి ఎదురుబదురు చేయీ కాలూ చాపడం. ఊగిపోకుండా అలా ఆగగలిగిన రోజు ఎంత సంతోషించానో! ఆఫీసు కుర్చీలో వేసుకోవడానికి, వెన్ను చివరి ఎముక తగలకుండా వెనకవైపు ఖాళీ ఉండే దిండు కొన్నాను, కౌంటర్ ఖాళీ దొరికినప్పుడల్లా లేచి నిలబడుతున్నాను. పీట మానేసి స్టూలు మీద కూర్చుని పూజ చేస్తున్నాను, దేవుడు ఏమీ అనుకోడని మా అత్తయ్యగారే అన్నారు. రాత్రి పక్కకి తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకుంటాను. పొద్దున్న పుష్కర్ ఘాట్ నుంచి కోటిలింగాల ఘాట్ వైపు గట్టు మీద నడక.

నొప్పి ఒక్కసారిగా పోలేదు. ముందు పొద్దున్న పట్టేయడం తగ్గింది, తర్వాత కారు దిగేటప్పటి పోటు తగ్గింది, వెన్ను చివరి నొప్పి అన్నిటికంటే ఆలస్యంగా వెళ్లింది. ఇప్పుడు నా బరువు 79. విశాఖపట్నం వరకు బస్సులో వెళ్తే ఇప్పటికీ కాస్త సలుపుతుంది, అందుకే వీలైనప్పుడల్లా రైల్లో వెళ్లి మధ్యమధ్యలో లేచి తిరుగుతాను. వ్యాయామం వారం రోజులు మానేస్తే వంగేటప్పుడు తెలిసిపోతుంది. బైపాస్ తర్వాత ఎముకలు పలచబడే అవకాశం ఉందని డెక్సా స్కాన్ తీయించారు. ప్రస్తుతానికి బాగానే ఉంది, మళ్లీ వచ్చే ఏడాది తీయించుకోవాలి.