మంచు తుఫాను వెలిసిన మరునాడు

తుఫాను వెలిసిన మరునాడు చిన్న పట్టణంలో అందరికీ ముందుగా పడే పని మంచు తొలగించడమే. కొత్తగా కురిసిన పొడి మంచు సాధారణంగా ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోల బరువే ఉంటుంది కానీ, తడిసి గట్టిపడ్డాక ఆ బరువు ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక, ఆలస్యం చేసినవారికి నడుము నొప్పి తప్పదు. ఇంతా కష్టపడి వాకిలి శుభ్రం చేసుకున్నాక, దారి మంచు తీసే బండి వచ్చి దాన్నంతా మళ్లీ మన గుమ్మం ముందుకే నెట్టిపోతుంది. (ఆ గట్టును చూస్తే నాకు ఏటేటా కోపం పెరుగుతూనే ఉంది.)

రోడ్డు మీద చల్లే ఉప్పు, నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రతను తగ్గించి మంచును కరిగిస్తుంది. అయితే చలి సుమారు మైనస్ 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే మామూలు ఉప్పు ప్రభావం బాగా మందగిస్తుంది కాబట్టి, అప్పుడు కాళ్లకూ చక్రాలకూ పట్టు దొరికేలా ఇసుక చల్లుతారు. పగలు కరిగిన నీరు రాత్రికి పలుచని పొరగా గడ్డకట్టి తారు రంగులో కలిసిపోతుంది. నా దృష్టిలో తుఫాను కన్నా ఇదే ప్రమాదకరం.

కారు ఇంజను వేసేముందు పొగగొట్టం చుట్టూ ఉన్న మంచును తప్పక తీయాలి, లేకపోతే వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరి ప్రాణం తీయగలదు. పిల్లలకు మాత్రం బడి సెలవు, అంతే. పెద్దలు ఒంటరిగా ఉండే ఇళ్లకు మందులు అందాయో లేదో కనుక్కోవడం, అగ్నిమాపక సిబ్బంది వాడే నీటి కుళాయిల చుట్టూ మంచు తీయడం ఇరుగుపొరుగు పంచుకోవలసిన పనులు.