నీళ్లు చూసేవాడికి ప్లస్ మూడు ఇవ్వొచ్చా?

డాలస్‌లో మా అబ్బాయికీ వాడి ఫ్రెండ్స్‌కీ టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల పిచ్చి. కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం, పెన్సిల్, పాచికలు, కథ నడిపే గేమ్ మాస్టర్ ఉంటే చాలు. లోకం నాశనమయ్యాక మిగిలినవాళ్లు ఎలా బతికారన్నది వాళ్లకు ఇష్టమైన కథ. 1978లో గామా వరల్డ్ వచ్చినప్పటి నుంచీ ఈ రకం ఆటలు ఉన్నాయి. మొన్న సెలవుల్లో అనంతపురం వచ్చినప్పుడు మా అన్న కూతురితో కలిసి వాడు సొంతంగా ఒకటి తయారు చేశాడు.

వాళ్ల లోకంలో తుంగభద్ర హైలెవల్ కాలువ తెగిపోయింది. వానల్లేవు. క్లాక్ టవర్ కింద సంత జరుగుతుంది. తాడిపత్రి దాటి పోతే 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు. లోపల పాతాళగంగ ఉంది కాబట్టి అందరి కన్నూ దానిమీదే. ఒక్కో పాత్రకు ఒక్కో విద్య: మెకానిక్, నాటువైద్యురాలు, కాపలావాడు, నీళ్లు చూసేవాడు. ఈ చివరివాడు మా చేలోంచే వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు పాయింట్ చూపించే మనిషిని చూసి మావాడు నోరెళ్లబెట్టాడు. అది నిజంగా పనిచేస్తుందా అన్నది వేరే గొడవ.

చిక్కు అక్కడే మొదలైంది. రెండు పాచికలు వేసి మొత్తం 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే పని అయినట్టు. మొత్తం 36 రకాలుగా పడొచ్చు, అందులో 21 గెలుపు. విద్యను బట్టి పాచికల మొత్తానికి కలిపే అంకే ప్లస్. ప్లస్ ఒకటి ఉంటే 26, రెండైతే 30, మూడైతే 33. అంటే లెవెల్ పెరిగి ప్లస్ మూడు వచ్చిన నీళ్లవాడు దాదాపు ఓడడు. దాహమే లేని కరువు కథలో ఇక ఆడడానికేముంది? కాపలావాడికి ప్లస్ మూడు ఉన్నా ఏమీ కాదు, ఒక పోట్లాట గెలుస్తాడంతే. మావాడు లెక్కలో గట్టివాడు, వెంటనే ప్లస్ రెండు దగ్గర ఆపేద్దామన్నాడు. అంకె పెంచకుండా కొత్త విద్యలు ఇద్దామన్నాడు.

వాళ్లక్క ఒప్పుకోలేదు.

"పాయింట్ చూపిస్తే నీళ్లొచ్చేస్తాయేంరా? రిగ్గు యాడిది, డీజిల్ యాడిది? మనం ఎనిమిది వందల అడుగులు ఏస్తే పక్క చేను బోరు ఎండిపోతాది. అదెవురు రాస్తారు?"

నాకు నచ్చిన నియమం ఇదే. నీళ్లు పడిన ప్రతిసారీ మ్యాప్‌లో పక్కనున్న ఒక బోరు బలహీనమవుతుంది, ఆ ఊరివాళ్లు శత్రువులవుతారు. ఇప్పుడు ప్లస్ మూడు ఇచ్చినా భయం లేదు. శక్తి పెరిగేకొద్దీ వాడి తలనొప్పులూ పెరుగుతాయి. డాలస్ పిల్లలు ఎంత ఆడినా ఇది తట్టదనుకుంటాను, అక్కడ నల్లా తిప్పితే నీళ్లు వస్తాయి.

ఎక్స్‌పీ, అంటే లెవెల్ పెరగడానికి కూడబెట్టే అనుభవం పాయింట్ల దగ్గర కూడా గొడవే. శత్రువుని చంపితే పాయింట్లు రావాలని వీడు, ఫెయిలైన బోరుకే రావాలని ఆమె. ఓడినప్పుడు పాయింటిచ్చే ఆటలు అమెరికాలోనూ ఉన్నాయి కాబట్టి వీడు తగ్గాడు. ఈ వాదనలన్నీ తెలుగులోనే జరిగాయి, ఎందుకంటే కోపమొస్తే ఆమెకు ఇంగ్లీషు రాదు. డాలస్‌లో వీడి తెలుగు బడికి కట్టిన ఫీజు గుర్తొచ్చింది.

చెనిక్కాయలు వొలుస్తూ వింటున్న మా అమ్మ అడిగింది, "బెంగుళూరికి పోయేటోళ్లు లేరేమిరా మీ ఆటలో? కరువొస్తే మొదుట చేసేది అదే కదా."

అలా వలసవాడు పుట్టాడు. మ్యాప్ దాటి పోతాడు. ప్రతి రౌండుకీ డీజిలో మందులో పంపిస్తాడు, దాంతో మిగిలినవాళ్లలో ఒకరికి ప్లస్ ఒకటి. తను మాత్రం పాచికలు వేయకూడదు. తిరిగొస్తే నీళ్లు చూసే విద్య సున్నా నుంచి మొదలు.

నేను ఊరుకోలేకపోయాను. "చిన్నప్పుడు నేర్చుకున్నది ఎక్కడికి పోతుంది? ప్లస్ ఒకటైనా ఇవ్వండి" అన్నాను.

"చిన్నాయనా, ఇప్పుడు మన బోరు ఎన్ని అడుగులో చెప్పు, ఇస్తాను" అంది.

మావాడు నావైపు ఒకసారి చూసి, సున్నా రాసేశాడు. ఇప్పుడు శనివారాలు వీడియో కాల్‌లో ఆడుతున్నారు, గేమ్ మాస్టర్ ఆమే. ఆ ప్లస్ ఒకటి కోసం నేనింకా బేరమాడుతూనే ఉన్నాను.