రాజుగారి వరి మళ్ళు చెరువైన చోట

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ఐదు రాజభవనాలున్నాయి. మనవాళ్ళు ఎవరు వెళ్ళినా పెద్దదైన గ్యోంగ్‌బొక్‌గుంగ్‌లో ఫొటోలు దిగి వచ్చేస్తారు. మా అమ్మాయి అక్కడ చదువుకుంటోంది కాబట్టి నాకు తీరిగ్గా చూసే వీలు దొరికింది. నా మనసు పట్టేసింది మాత్రం చాంగ్యోంగ్‌గుంగ్. గుంటూరు వచ్చేశాక కూడా దాని గురించే చదువుతున్నాను, ఇంట్లోవాళ్ళకి చెబుతున్నాను.

అది ఆడవాళ్ళ కోసం కట్టిన భవనం. 1480ల్లో సోంగ్‌జోంగ్ అనే రాజు తన నాయనమ్మ, తల్లి, పిన్ని ఉండటానికి పాత భవనాన్ని పెంచి కట్టించాడు. ముగ్గురూ భర్తలు పోయిన రాణులే. 1592లో జపాన్ దండయాత్రప్పుడు అంతా కాలిపోతే, 1616లో మళ్ళీ కట్టారు. అప్పటి సింహాసన మందిరం మ్యోంగ్‌జోంగ్‌జోన్ ఇప్పటికీ నిలిచి ఉంది. సియోల్ భవనాల్లోని సింహాసన మందిరాల్లో అదే పాతది. మిగతావి దక్షిణానికి తిరిగి ఉంటే ఇదొక్కటే తూర్పుముఖం.

గేటు దాటగానే చిన్న కాలువ మీద రాతి వంతెన వస్తుంది. దాని రెండు కమానుల మధ్య కళ్ళు ఉరిమి చూసే భూతం ముఖం చెక్కారు. చెడు లోపలికి రాకూడదనట. మన ఇళ్ళ ముందు కట్టే దిష్టిబొమ్మ లాంటిదే. ఆ కాపలా ఉన్నా ఘోరాలు ఆగలేదు. 1762లో యోంగ్‌జో రాజు తన కొడుకు, యువరాజు సాడోని బియ్యం పెట్టెలో పెట్టించాడు. ఎనిమిది రోజులకి అందులోనే ప్రాణం పోయింది. ఆ యువరాజు కొడుకే తర్వాత జోంగ్‌జో పేరుతో రాజయ్యాడు.

నాకు కడుపు మండిన సంగతి మాత్రం వేరే. 1907లో జపాన్ వాళ్ళు పెద్దరాజుని దించేసి ఆయన కొడుకు సున్‌జోంగ్‌ని గద్దె ఎక్కించారు. ఆయనకి కాలక్షేపం అన్న సాకుతో, ఆయన ఉండే భవనం పక్కనే ఉన్న ఈ చాంగ్యోంగ్‌గుంగ్‌లో చాలా ఇళ్ళు పడగొట్టి, జంతువుల్ని తెచ్చిపెట్టారు. 1909 నవంబరు నుంచి టికెట్ కొన్నవాళ్ళందరూ పులుల్నీ కోతుల్నీ చూడటానికి రావచ్చు. 1911లో పేరులో భవనం అన్న మాటే తీసేసి, తోట అని పెట్టారు. చెర్రీ చెట్లు నాటారు. ఉత్తరాన రాజు స్వయంగా సేద్యం చేసి, పంటలు బాగా పండాలని మొక్కుకునే వరి మళ్ళుండేవి. వాటినీ తవ్వేసి చెరువు చేశారు.

తెనాలి దగ్గర పొలం చేసే మా నాన్నకి ఫోన్లో చెబితే, జూ సంగతి వినీ విననట్టు వదిలేసి, "పండే మడిని తవ్వేశారా?" అన్నారు. "అవును నాన్నా, పడవ షికారు కోసం," అన్నాను. "రైతుని చూసి ఓర్వలేని పని అది," అన్నారు. ఏరువాక పున్నమికి నాగలికి పూజ చేసే మనిషి ఆయన. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

1945లో జపాన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా ఏళ్ళు అది జూగానే ఉంది. ఇదే నన్ను బాగా ఆలోచింపజేసింది. రెండు తరాల పిల్లలు అక్కడే ఏనుగుని చూశారు, పెద్దవాళ్ళు రాత్రిళ్ళు చెర్రీపూల కింద తిరిగారు. అవమానంగా మొదలైనదే జనానికి ఇష్టమైన జ్ఞాపకం అయిపోయింది. అయినా 1983లో మూసేసి, జంతువుల్ని ఊరవతల గ్వాచోన్‌కి తరలించి, పాత పేరు తిరిగి పెట్టారు. చెర్రీ చెట్లలో కొన్ని సియోల్‌లోనే ఉన్న యొయిదో ద్వీపానికి వెళ్ళాయి. మన అమరావతి స్తూపం శిల్పాలు లండన్ మ్యూజియంలో చూసిన ఎవరికైనా, పోయినదాన్ని తిరిగి నిలబెట్టుకోవడం ఎంత గొప్ప పనో తెలుస్తుంది.

1909 నాటి తెల్లటి గాజు గ్రీన్‌హౌస్‌ని మాత్రం ఉంచారు. అదీ తీసేయాల్సిందని మా అమ్మాయి వాదన. ఉంచడమే మంచిదని నేనంటాను. అన్నీ తుడిచేస్తే, ఇక్కడ జూ పెట్టారంటే రేపు ఎవరు నమ్ముతారు?

1932లో ఈ భవనానికీ, రాజుల పూర్వీకుల గుడి జోంగ్‌మ్యోకీ మధ్య రోడ్డు వేశారు. ఆ రోడ్డుని సొరంగంలోకి దించి, పైన మట్టి పోసి, చెట్లు నాటి, 2022లో రెండింటినీ మళ్ళీ కలిపారు.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట: సోమవారం సెలవు. టికెట్ వెయ్యి వాన్‌లే. గ్రీన్‌హౌస్ వైపు పరుగెత్తకుండా ముందు వంతెన దగ్గర ఆగండి. మందిరం ముందు రాళ్ళ మీద ఏ హోదా అధికారి ఎక్కడ నిలబడాలో చెక్కి ఉంటుంది, అదీ చూసి, తర్వాత చెరువు వైపు నడవండి.