పొందూరు పంచె రంగు

నిన్న రాత్రి శ్రీకాకుళంలో మా ఇంట్లో అందరూ పడుకున్నాక, పాత లాప్‌టాప్‌లో లినక్స్ ముందు కూర్చున్నాను. కమాండ్లు టైప్ చేసే ఎక్స్‌టర్మ్ విండో తెల్లటి వెలుగు కళ్లలో పొడుస్తోంది. రంగు మారుద్దామని, సెట్టింగులు రాసే ఎక్స్‌రిసోర్సెస్ ఫైల్‌లో (పేరు ముందు చుక్క ఉంటుంది, నేను మొదట అదే మరిచిపోయాను) బ్యాక్‌గ్రౌండ్‌కి ఒక లైను, అక్షరాలకి ఒక లైను రాశాను. ఏమీ మారలేదు! అరగంట తిట్టుకున్నాక వెలిగింది: ఆ ఫైల్‌ని ఎక్స్‌ఆర్‌డీబీ అనే కమాండ్‌తో మెర్జ్ చేయాలి, అంటే నడుస్తున్న సెట్టింగుల్లో కలపాలి. అప్పుడైనా కొత్తగా తెరిచిన విండోకే రంగు వస్తుంది, పాతది పాతలాగే ఉంటుంది.

ఇక రంగుల పేర్లు చూడాలి. పపాయా విప్, పీచ్ పఫ్, లెమన్ షిఫాన్... ఐస్‌క్రీం బండి దగ్గర నిలబడినట్టుంది. అన్నీ వేసి చూశాను, ఒక్కటీ నచ్చలేదు. చివరికి లినెన్ వేశాను. ఎరుపు 250, ఆకుపచ్చ 240, నీలం 230. ఎక్కడో చూసిన రంగే. తలెత్తితే దండెం మీద నాన్న పొందూరు ఖద్దరు పంచె! అక్షరాలకి ముదురు గోధుమరంగు పెట్టాను.

తెల్లారి నాన్న తొంగిచూసి, "ఏటిరా, రాత్రంతా కూకుని సేసింది ఇదేనా?" అన్నాడు.